ఏం పని వచ్చు అని అడిగిన మనిషి

రేడియో సారు పోయారని ఆయన భార్య, ఆంటీ ఫోను చేసినప్పుడు నేను డాబా మీద దుప్పటి ఆరేస్తున్నాను. తడి దుప్పటి కొస చేతిలో అలాగే పట్టుకుని కింద కూర్చుండిపోయాను. కాసేపటికి అమ్మ పైకి వచ్చి నన్ను చూసింది. ఏమైందని అడగలేదు. మెట్లు దిగుతూనే పెద్దమ్మకు ఫోను కలిపింది.

"లిస్టు వచ్చినట్టుంది అక్కా. దీని పేరు లేదు గావచ్చు. పైన కూసోని ఒకటే ఏడుపు" అని చెప్పడం నాకు వినిపిస్తూనే ఉంది.

ఆ రోజు ఏ ఉద్యోగ పరీక్ష లిస్టూ రాలేదు. అయినా సాయంత్రంలోగా ముగ్గురు చుట్టాలు నన్ను ఓదార్చారు. ఒకరు వచ్చేసారి గ్యారంటీ అన్నారు. ఒకరు బ్యాంకు పరీక్షలు రాయమన్నారు. చిన్నాన్న కూతురు తనకు రెండుసార్లు పోయి మూడోసారి వచ్చిన కథను మళ్లీ మొదటి నుంచి చెప్పింది. నాన్న షాపు కట్టేసి వస్తూ మిర్చిబజ్జీలు తెచ్చి నా ముందు పెట్టారు.

"పరీక్షదేముంది పాపా, మళ్ల పడ్తది."

"రేడియో సారు చనిపోయిండు నాన్నా."

నాన్న నిజంగానే బాధపడ్డారు. కుర్చీలో కూర్చుని, "అయ్యో, ఎప్పుడు? ఎంత మంచి మనిషి" అన్నారు. కాస్త ఆగి, "గది గూడ తోడైంది నీకు" అన్నారు.

తోడైందట. అంటే అసలు ఏడుపు పరీక్షది, సారుది దాని మీద కొసరు. మా అశోక్ నగర్‌లో డిగ్రీ అయిన ఆడపిల్ల ఏడిస్తే దానికి ఇంకో కారణం ఉండొచ్చని మా ఇంట్లో ఎవరికీ తోచదు. మా గల్లీలో ఏ బోర్డు చూసినా కోచింగ్ బోర్డే, ఏ మేడ మీద చూసినా ఉద్యోగం కోసం చదివే పిల్లల హాస్టలే. నాన్నది జిరాక్స్ షాపు. వాళ్ల నోట్సులు జిరాక్స్ తీసే మేం బతుకుతున్నాం. పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే కోరిక ఉన్న మొహాలను చూసే మనిషి, ఇంటికొచ్చి నా మొహంలోనూ అదే చదివారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఉక్రోషం మాత్రం ఉంది.

ఆ ఉక్రోషం పక్కన పెట్టి సారు గురించి చెప్తాను.

ఆయన జీవితమంతా ప్రభుత్వ రేడియోలో పనిచేసి రిటైరయ్యారు. రిటైరయ్యాక కూడా వారానికి ఒక అరగంట మాత్రం వదల్లేదు. పాలమూరు వైపు నుంచి పని కోసం నగరానికి వచ్చినవాళ్ల గురించి, వాళ్లు వదిలి వచ్చిన ఊళ్ల గురించి ప్రతి గురువారం పొద్దున వచ్చే కార్యక్రమం అది. ఆ ఊళ్లలో నీళ్లు ఎందుకు లేవు, వచ్చిన నీళ్లు ఎవరి పొలానికి చేరాయి, బడికి టీచరు ఎందుకు రావడం లేదు, పని గుంపులో చేరి దూరదేశం పోయిన మనిషి తిరిగి ఎప్పుడొస్తాడు, ఇవీ అందులో విషయాలు. మీలో కొందరు వినే ఉంటారు. చాలామంది విని ఉండరు. మా ఇంట్లోనూ వినేవారు కాదు. ఆ సమయానికి మా ఇంట్లో మిక్సీ తిరుగుతుంటుంది.

చిక్కడపల్లిలో రెండు గదుల కిరాయి ఇల్లు ఆయనది. శ్రోతలు రాసిన ఉత్తరాలు పట్టుకుని నాన్న షాపుకు వచ్చేవారు. అసలు ఉత్తరం మీద పెన్ను పెట్టడం ఇష్టం లేదాయనకు. జిరాక్స్ తీయించుకుని దాని మీదే గీతలు పెట్టుకునేవారు. ఒకరోజు మోకాళ్లు నొప్పి, రికార్డరు సంచీ మోయడం కష్టంగా ఉందని మాటల్లో అన్నారట. నాన్న వెంటనే నన్ను ఇచ్చేశారు.

"మా పాప పొద్దుగాల రెండు గంటలు ఖాళీగనే ఉంటది సార్. జర మీ వెంట తోలుకపోండ్రి. కరెంట్ అఫైర్స్‌కు పనికొస్తది."

అలా నేను కరెంట్ అఫైర్స్ కోసం సారు దగ్గర చేరాను.

మొదటి రోజు రాంనగర్‌లోని లేబర్ అడ్డాకు తీసుకెళ్లారు. పొద్దున్నే టిఫిన్ డబ్బాలతో, పారలతో, తట్టలతో జనం రోడ్డు పక్కన నిలబడి ఉంటారు. పని ఇచ్చేవాడు బండి ఆపి ఎంచుకుని తీసుకెళ్తాడు. సారు మైకు నా చేతికిచ్చి, "అడుగు" అన్నారు. నేను డిగ్రీలో వక్తృత్వ పోటీలకు వెళ్లిన దాన్ని. గొంతు సవరించుకుని ఒక నడివయసు మనిషిని, "అమ్మా, మీ సమస్యలేమిటి?" అని అడిగాను. ఆమె గడగడా చెప్పింది. వానలు లేవు, పని లేదు, పిల్లలున్నరు, సర్కారు చూడాలె. నాలుగు వాక్యాలు, అచ్చం బట్టీపట్టినట్టు. పక్కామెను అడిగితే అవే నాలుగు.

సారు మైకు తీసుకోలేదు. నా పక్కనే గొంతుక్కూర్చుని, ఆ మొదటి ఆమెను అడిగారు.

"నీకు ఏం పని వచ్చు?"

ఆమె మొహం మారింది. ఈ ప్రశ్నకు బట్టీపట్టిన జవాబు లేదు.

"నాకా? నాకు గిలాబు వస్తది సారూ." గిలాబు అంటే గోడకు సిమెంటు పూత పూయడం. "కానీ ఎవ్వలు చెయ్యనిస్తరు? ఆడోళ్లంటే తట్ట మోసుడే."

"మరి ఎట్ల నేర్చుకున్నవ్?"

"మేస్త్రీలు అన్నం తినేటప్పుడు. వాటర్ ట్యాంకు ఎనక గోడ ఎవ్వలు సూస్తరు చెప్పు? ఆడ నేర్సుకున్న. ఈ పట్నంల ట్యాంకు ఎనక గోడలన్ని నాయే."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆమె పేరు మణెమ్మ. ఆ రోజు ఆమె ఇరవై నిమిషాలు మాట్లాడింది. ఇసుకలో మన్ను ఎంత ఉంటే పూత పగులుతుందో, ఏ కాలంలో గోడను ఎన్నిసార్లు తడపాలో, ఊళ్లో చెరువు మట్టితో ఇల్లు అలికిన చేయికి సిమెంటు ఎందుకు తొందరగా అబ్బిందో చెప్పింది. ఊరి సంగతి, ఊరు ఎందుకు వదిలిందన్న సంగతి, మేస్త్రీ ఎవరవుతారు, ఎవరు కారు అన్న సంగతి, అన్నీ ఆ గిలాబులోంచే వచ్చాయి.

తిరిగి వస్తుంటే సారు అన్నారు. "కష్టం అడిగితే అందరిది ఒకటే వినపడ్తది. పని అడిగితే మనిషి వినపడ్తడు." ఆ తరువాత మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఆయన అనలేదు. నాకు మాత్రం ఒక్కసారే సరిపోయింది.

ఆ రికార్డింగును ఎడిట్ చేసే పని నాకే ఇచ్చారు. చిక్కడపల్లి ఇంటి ముందు గదిలో ఒక పాత కంప్యూటరు ఉండేది. మూడు రోజులు కూర్చుని చాలా శ్రద్ధగా చేశాను. అప్పుడు చేసిన తప్పు ఈ జన్మలో మరిచిపోను. మణెమ్మ చెప్పిన మాటల్లో ఒక అపార్ట్‌మెంటు సంగతి ఉంది. అయిదంతస్తులకూ తను తట్టలు మోసింది, తరువాత ఎవరినో కలవడానికి పోతే అదే బిల్డింగులో వాచ్‌మన్ ఆమెను లిఫ్టు ఎక్కనివ్వలేదు. "మేం ఉన్నప్పుడు లిఫ్టు లేదు, లిఫ్టు వచ్చినంక మేం లేం" అంది మణెమ్మ. దానికి అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. నేను ఆ వాక్యం ఉంచి నవ్వు తీసేశాను. ట్యాంకు గోడల నవ్వూ తీసేశాను. ఇంత బాధాకరమైన విషయం మధ్యలో నవ్వులేమిటి అనుకున్నాను. చివర్లో సన్నగా వేణువు కలిపాను. నాకే కళ్లు చెమర్చాయి.

సారు విని, బాగుందనీ బాగాలేదనీ అనలేదు. "సరే, వాపస్ ఇచ్చొద్దాం పద" అన్నారు.

వాపస్ ఇవ్వడం ఆయన పద్ధతి. ఎవరి మాటలు రికార్డు చేశారో, రేడియోలో వేయకముందే మళ్లీ వాళ్ల దగ్గరకు వెళ్లి మొత్తం వినిపించాలి. తీసేయమన్నది తీసేయాలి, మరిచిపోయామన్నది కలపాలి. అప్పుడే అది ప్రసారానికి వెళ్తుంది. ఇంకెవరైనా ఇలా చేస్తారా అంటే నాకు తెలియదు.

మర్నాడు అడ్డాలో చిన్న స్పీకరు పెట్టి వినిపించాం. ఆడవాళ్లు చుట్టూ చేరారు. వేణువు ఆగింది. మణెమ్మ నన్ను జాలిగా చూసింది.

"ఎవలన్న సచ్చిండ్రా బిడ్డా?"

"లేదు, ఎందుకు?"

"మరి గా పిల్లనగ్రోవి ఏంది? మేం నవ్వింది ఏడబోయింది? గిన్ని మాటల్ల ఒక్కసారి గూడ నవ్వలేదా మేము? ఇది ఇన్నోళ్లు నేను రోజు ఏడ్సుకుంట తట్ట మోస్తననుకుంటరు. ఏడ్సుకుంట పోతే పనికి ఎవలు పిలుస్తరు?"

పక్కామె అందుకుంది. "దీన్ని ఇంటే మా ఆయన ఎంటనే బస్సెక్కి వస్తడు, నాకేమన్న అయ్యిందని."

మళ్లీ నవ్వులు. సారు రోడ్డు అవతల టీ కొట్టు వైపు చూస్తున్నారు. నాకు భూమి చీలి లోపలికి పోవాలనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, మా ఇంట్లోవాళ్లు నాకు చేసిందే నేను వాళ్లకు చేశాను. వాళ్ల మొహం చూసి, అక్కడ ఏముండాలో ముందే నిర్ణయించుకుని, ఉన్నదాన్ని తీసేశాను.

ఆ రోజు నారాయణగూడలో ఇరానీ హోటల్లో కూర్చున్నప్పుడు సారు తన తప్పు చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కరువు ఊరికి వెళ్లారట. గుంపులను దూరప్రాంతాలకు పనికి తీసుకెళ్లే మేస్త్రీ ఎలా మోసం చేస్తాడో ఒక మనిషి ధైర్యంగా చెప్పాడు. ఆవేశంలో పేరు కూడా చెప్పాడు. సారు దాన్ని అలాగే ప్రసారం చేశారు. పైఅధికారులు మెచ్చుకున్నారు.

"నాకు మంచి పేరొచ్చింది. ఆయనను ఆ యేడు ఏ గుంపుల పెట్టుకోలేదు" అన్నారు సారు. టీ సాసర్లో పోసి చాలాసేపు చల్లారనిచ్చారు. "ఒక్కసారి మళ్ల పోయి వినిపిస్తే ఆయననే అనేటోడు, పేరు తీసెయ్ సార్ అని. నాకు గా తెలివి లేకపాయె."

ఆయన ఆ ఊరికి మళ్లీ వెళ్లారట, ఆ మనిషి మాట్లాడలేదట. బిల్లు వచ్చేదాకా బయట బస్సులు చూస్తూ కూర్చున్నాం.

నవ్వులన్నీ తిరిగి పెట్టి ప్రసారం చేశాం. ఆ వారంలోనే బాగ్ లింగంపల్లి నుంచి ఒక పెద్దావిడ రేడియోకు ఫోను చేసి, ఆ ట్యాంకు గోడల ఆమె ఎక్కడ దొరుకుతుందని అడిగింది. వాళ్ల ఇంటి పైగదికి పూత పూయాలట. మణెమ్మ మొదటిసారి ట్యాంకు వెనక కాకుండా, వీధికి కనిపించే గోడ పూసింది. ఇప్పుడు ఆమె వెంట ఇద్దరు ఆడవాళ్లు పని నేర్చుకుంటున్నారు. అడ్డాలో కొందరు మగవాళ్లు "మేస్త్రమ్మ వచ్చింది, జరుగుండ్రి" అని ఆట పట్టిస్తారు. పట్టిస్తూనే జరుగుతారు.

సారుకు ఇలాంటివి చెప్తే పెద్దగా సంతోషించేవారు కాదు. "నడుస్తది" అనేవారు. ఆయన నోట్లో అంతకన్న పెద్ద మెప్పు నేను వినలేదు. మైకు వైరును మోచేతికి చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, ఆ చుట్టను ఒకసారి తట్టి సంచీలో పెట్టేవారు. మాట్లాడే మనిషి నేల మీద కూర్చుంటే ఆయన కుర్చీ తీసుకునేవారు కాదు, మోకాళ్లు ఎంత నొప్పి ఉన్నా. "వలస కూలీలు" అనే మాట స్క్రిప్టులో రాస్తే కొట్టేసి పైన వాళ్ల పనులు రాసేవారు. గిలాబు మేస్త్రి, రాయి కొట్టేవాడు, సెంట్రింగు మనిషి. నా మీద విసుక్కున్న రోజులు లెక్కలేనన్ని. ఒకసారి ఎవరో జవాబు చెప్తుంటే నేను మధ్యలో "అవునండీ, అవునండీ" అని పదిసార్లు అన్నానని, ఇంటికొచ్చి ఆ పది "అవునండీ"లను వరసగా అతికించి నాకు వినిపించారు. ఆంటీ వంటింట్లోంచి నవ్వాపుకోలేక బయటికొచ్చి, "పోనియ్యరాదు, చిన్నపిల్ల" అన్నారు.

పోయిన శీతాకాలం మేం చివరిసారి కలిసి వెళ్లింది మణెమ్మ వాళ్ల ఊరికే. మహబూబ్‌నగర్ దాటి ఇంకో గంటన్నర. ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు. పనులకు పోయి తిరిగివచ్చినవాళ్లు, మళ్లీ పోబోతున్నవాళ్లు బడి దగ్గర కలిశారు. సారు అందరినీ ఆ ఒక్క ప్రశ్నే అడిగారు. రోజంతా అడిగారు. తిరిగి వచ్చే బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయారు. ఆయన బస్సులో నిద్రపోవడం నేను చూడటం అదే మొదలు.

వారం రోజులు కూర్చుని ఎడిట్ చేశారు. నేను పక్కన ఉన్నాను. ఈసారి తన గొంతు మొత్తం తీసేశారు, ప్రశ్నతో సహా. వ్యాఖ్యానం కూడా పెట్టలేదు. జవాబులు మాత్రం ఒకదాని వెనక ఒకటి. నేను వాదించాను. "ప్రశ్న లేకుంటే ఎట్ల తెలుస్తది సార్?" అంటే, "తెలుస్తది. నా గొంతు ఇన్నేండ్ల సంది వింటనే ఉన్నరు, ఇగ చాలు" అన్నారు. అది పూర్తయిన రెండు రోజులకు ఆస్పత్రిలో చేరారు. వాపస్ ఇవ్వడం ఒక్కటే మిగిలింది.

ఆయన పోయిన మరుసటి వారం నేను స్టేషనుకు వెళ్లాను. ఆ అరగంట చూసే మేడం నన్ను కూర్చోబెట్టి నీళ్లు తాగించారు. ఆ చివరి కార్యక్రమాన్ని ఈ గురువారమే నివాళిగా వేద్దామన్నారు.

"అది ఇంకా వాళ్లకు వినిపించలేదు మేడం."

"ఆయనే లేరు కదమ్మా ఇప్పుడు."

"వినిపించకుంట ఆయన ఏదీ వెయ్యలే."

మేడం కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. ఆమె చెడ్డ మనిషి కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఈ నెలాఖరు దాకా పాత కార్యక్రమాలు వేస్తారు. అప్పటికి ఆ అరగంట బాధ్యత తీసుకునే మనిషి దొరక్కపోతే అక్కడ సినిమా పాటలు వస్తాయి. "నువ్వు చేస్తానంటే నీ పేరు రాసి పంపుతా. వారంలో నాలుగు రోజులు తిరగాలె, రెండు రోజులు ఇక్కడ కూర్చోవాలె. పర్మనెంట్ కాదు, ఎన్నాళ్లుంటదో నేను చెప్పలేను. చదువుకుంట చేసే పని కాదమ్మా ఇది. ఆలోచించుకో."

ఇంటికొచ్చేసరికి బల్ల మీద కొత్త ఐడీ కార్డు ఉంది. నా ఫోటోతో. నాన్న నన్ను మా వీధిలో అందరికన్నా పేరున్న టెస్ట్ సిరీస్‌లో చేర్చారు. సోమవారం నుంచి రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా. నేను సోమవారం ఊరికి పోతున్నానని, సారు చివరి పని మిగిలిందని చెప్పాను. నాన్న అమ్మ వైపు చూసి, "దుఃఖంల ఉంది, రెండు రోజులు పోనియ్" అన్నారు. మళ్లీ అదే. నాది దుఃఖమైతే ఇంట్లో కూర్చునేదాన్ని.

సోమవారం మణెమ్మ పని మానుకుని నాతో వచ్చింది. బస్సులో నాకు ఉడకబెట్టిన పల్లికాయ ఒలిచి ఇస్తూనే ఉంది. ఊళ్లో సారు పోయారని చెప్పినప్పుడు బడి అరుగు మీద ఉన్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే లేచారు. తరువాత కూర్చున్నారు. స్పీకరు పెట్టాను.

ఒక్కో గొంతూ వచ్చింది. నాకు సొరంగం తొవ్వుడు వస్తది, చీకట్ల రాయి చప్పుడు ఇని ఏడ కూల్తదో చెప్తా. నేను క్రేను నడుపుత. నాకు కేబుల్ గుంత తొవ్వుడొస్తది, లోతు కొలవకనే చెప్తా. నాకు ఇటుక బట్టీ పెట్టుడు వస్తది. నాకు పెద్ద పెద్ద పైపులు అతుకుడు వస్తది. నాకు కుట్టుమిషన్ వస్తది, కానీ మిషన్ లేదు. అలా అరగంట. ఒకరి గొంతు వచ్చినప్పుడు పక్కవాళ్లు వాళ్ల వీపు తట్టడం, "నీకు గది గూడ వస్తదా, ఎన్నడు చెప్పకపోతివి" అనడం. ఒకే ఊళ్లో ఉంటూ, ఎవరు ఎక్కడ ఏం నేర్చుకొచ్చారో ఒకరికొకరు చెప్పుకోనేలేదు.

అయిపోయాక ముందు వరుసలో ఉన్న ముసలాయన చెయ్యెత్తాడు. మణెమ్మకు మేనమామ అవుతాడు.

"అంత మంచిగున్నది. సారు అడిగింది ఏది?"

"సారు తన మాట తీసేసిండు తాతా."

"ఎందుకు తీసిండు? ఆయన అడిగితెనే గద మేం చెప్పినం. గిట్లింటే పిచ్చోళ్ల లెక్క మాయంతల మేమే చెప్పుకుంటున్నట్టున్నది. పెట్టు."

సారు పద్ధతి ప్రకారం వాళ్లు పెట్టమంటే పెట్టాల్సిందే. నేను అక్కడే అరుగు మీద ల్యాప్‌టాప్ తెరిచి, అసలు రికార్డింగులోంచి ఆ ప్రశ్న తీసి మొదట్లో కలిపాను. "నీకు ఏం పని వచ్చు?" అని సారు గొంతు బడి ముందు వినిపించింది. ముసలాయన తల ఊపాడు. "ఇగ సరిపోయింది" అన్నాడు.

నేను సర్దుకుంటుంటే అరుగు మీద వేరే మాట మొదలైంది. ఆ ముసలాయనే మొదలుపెట్టాడు.

"ఇంతమంది పనిమంతులం ఉన్నం. దేశమంత కట్టొచ్చినం. బడి గోడ పడి ఎన్నేండ్లాయె? బర్లు క్లాసులకొస్తున్నయి."

"సర్కారు కట్టియ్యాలె గద" అన్నాడు క్రేను మనిషి.

"కట్టియ్యాలె. దరఖాస్తు మళ్ల పెడ్దాం, వదిలేది లేదు" అంది కుట్టుమిషన్ ఆమె. "గంతదాంక బర్లు అఆలు నేర్సుకోవాల్నా?"

ఇటుక బట్టీ వాళ్లు ఇటుక చూస్తామన్నారు. పునాది తవ్వడం గురించి ఇద్దరు కొట్లాడుకున్నారు, ఇద్దరికీ లోతు కొలవకుండానే తెలుసు, ఇద్దరి లోతులూ వేరు. పైన పూత ఎవరు చూస్తారంటే ఎవరో పక్కూరి మేస్త్రీ పేరు చెప్పారు. మణెమ్మ అప్పటికే లేచింది. "గిలాబు నాది. ఇంకో మేస్త్రి ఎందుకు, నేను సచ్చిన్నా?" అని, ఎవరి ఇంట్లోంచో దారపు ఉండ తెప్పించింది. పడిపోయిన గోడకు ఇటు మిగిలిన మొండి నుంచి అటు మిగిలిన మొండి దాకా, మోకాలి ఎత్తున దారం లాగి కట్టించింది. ఒక బర్రె మేస్తూ మేస్తూ ఆ దారం దాకా వచ్చి ఆగింది. దాన్ని వాసన చూసింది. కాసేపు నిలబడి, వెనక్కి తిరిగిపోయింది.

నేను అప్పటికే రికార్డరు మళ్లీ తీసి ఆన్ చేశాను. వచ్చే వారం కార్యక్రమం అక్కడే మొదలైంది.

బుధవారం స్టేషనుకు వెళ్లి, సారు చివరి కార్యక్రమం అప్పగించి, మేడం ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టాను. అక్కడి నుంచి నేరుగా షాపుకు వెళ్లాను. నాన్న ఎవరిదో నోట్సు జిరాక్స్ తీస్తున్నారు. మిషను ఆగేదాకా ఆగాను. ఐడీ కార్డు కౌంటరు మీద పెట్టాను.

"టెస్ట్ సిరీస్‌కు పోను నాన్నా. ఆ అరగంట నేను చేస్తున్న."